పారబోయని నీళ్ళు

పెద్దవంక పొంగి బండమీదపల్లె చెరువుకట్టకు గండి కొట్టిన ఏడు మొదలు లెక్కపెడితే అది పదకొండో ఏడు. ఐరాల పక్కన ఉండే ఆ ఊళ్ళో ఎవరి పెళ్ళయినా, ఎవరి చావయినా గండి నుంచే లెక్క. గండికి ముందు, గండికి వెనక, అంతే. గండికి ముందు ఓబయ్యకు ఏటా రెండు కార్లు, అంటే రెండు పంటలు, పండే మడి ఒకటి ఉండేది. గండికి వెనక ఆ మడి మీద నడుములోతు ఇసుక మేట వేసింది. ఇక మిగిలింది తాతల నాటి నీరుగంటి పని ఒకటే. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో చూసి పారగట్టడం, వానొస్తే మొరవ దగ్గర కాపు కాయడం. మొరవ అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే రాతికట్టు.

ఆ పదకొండో ఏడు ఆషాఢంలో ఒకనాడు ఓబయ్య తొలి బస్సుకు తిరుపతికి బయలుదేరాడు. తెల్లవారుతూనే సన్నతుంపర. భార్య మునిరత్నమ్మ రాగిసంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి గుడ్డలో మూటగట్టి ఇచ్చింది.

"వానబుడ్డి కాడికి నువ్వే పోవాల. మలుపులో ఎనిమిదిన్నర బస్సు కూతేసినాక" అన్నాడు ఓబయ్య.

"నాకు ఆ గీతలు యాడ తెలుస్తాయి మామా? ఎచ్చో తక్కువో సెప్తే మీ సారు నన్ను ఈ వయసులో బడిలో ఏస్తాడు."

"కొలవాకు. సీసాలో నీళ్ళు సెంబులోకి వంచి మూత పెట్టు. రేపు నేను కొలుస్తా."

"తాగేస్తానేమో అని భయం లేదా?"

ఓబయ్య నవ్వలేదు. నవ్వినట్టు మాత్రం కళ్ళు చిన్నవి చేశాడు. బియ్యపు సంచిలో వాన లెక్కలు రాసిన రెండు నోటుపుస్తకాలు పెట్టుకుని, సంచి మీద గోనెపట్ట కప్పి రోడ్డు మీదికి నడిచాడు.

రోడ్డు మీద చెంగల్రాయుడు కాచుకుని ఉన్నాడు. చెరువు కింద ఎక్కువ మడులు ఉన్న ఆసామి. ఊరి తరఫున మాట్లాడేది ఆయనే.

"ఓబయ్యా, మరిసిపోవాకు. మొరవ మూరెడు ఎత్తాల. మూరెడు ఎత్తితే చెరువులో ఇంకో రెండు నెలలు నీళ్ళు నిలస్తాయి. రెండో కారు పండుతాది. నీ ఇసక మడి పక్కన కూడా ఏదో ఒకటి పండుతాది. అంతా మీ సారు రాసే కాయితం మీద ఉండాది."

"ఊఁ."

"ఊఁ అంటే సాలదబ్బా. నోరు తెరవాల. నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూసుంటావు నువ్వు. ఆయప్ప నీ మాట ఇంటాడు."

"సూస్తా."

"సూసేది నీకు ముందే తెలుసు. సెప్పేది నేర్సుకో!"

బస్సు వచ్చింది. ఓబయ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

తిరుపతిలో ఉండేది సుందరరాజు సారు. ఇంజనీరింగు కాలేజీలో నీళ్ళ చదువు చెప్పే అయ్యవారు. పుట్టింది పలమనేరులో. గండి పడిన మరుసటి ఏడు పద్నాలుగు మంది పిల్లకాయలను వెంటబెట్టుకుని, ఎరుపూ తెలుపూ పూసిన కొయ్యలు భుజాన వేసుకుని బండమీదపల్లెలో దిగాడు. వచ్చినవాళ్ళు మాటల్తో పోతారనుకుంది ఊరు. పోలేదు. బడి వసారాలో పడుకుని, ఊరు పెట్టిన సంగటి తిని, కట్ట పొడుగునా నడిచి, పందికొక్కుల బొరియలు లెక్కపెట్టి పూడ్చారు. ఏటేటా ఎండాకాలంలో కొత్త పిల్లకాయలతో వచ్చి కట్టకు రాళ్ళు పేర్చేవాడు సారు. పెద్ద పెద్ద ఆనకట్టల పనికి పిలుపు వచ్చినా పోలేదనీ, చిన్న చెరువుల మీదనే పుస్తకాలు రాస్తాడనీ పిల్లకాయలు చెప్పుకునేవాళ్ళు.

మొదటి ఏడే సారు ఊరి బండ మీద ఒక ఇనుపడబ్బా నాటాడు. పైన గరాటు, లోపల సీసా. సీసా నిండితే నీళ్ళు డబ్బాలోకే పొర్లుతాయి. పక్కన గీతల గాజుగ్లాసు. చుట్టూ ముళ్ళకంప. ఊరు దానికి వానబుడ్డి అని పేరు పెట్టింది.

"మూడో తరగతి దాకా చదివినావు గదా ఓబయ్యా. అంకెలు వస్తే చాలు" అన్నాడు సారు. "పొద్దున్నే సీసాలో నీళ్ళు గ్లాసులో పోసి ఏ గీత దాకా వచ్చిందో రాయి. నీకు తెలిసింది రాయాకు, చూసింది రాయి. వాన పడకుంటే సున్న పెట్టు. సున్న కూడా లెక్కే."

ఊరంతా నవ్వింది. దేవుని వానకు కొలత ఏందిరా అన్నారు. నాగులమ్మ అనే ముసలామె డబ్బాకు పసుపు పూసి, గరాటులో బంతిపువ్వు పెట్టిపోయేది. ఓబయ్య ఆ పువ్వు తీసి కంప మీద తగిలించేవాడు. పదేళ్ళయినా ఆమె మానలేదు, అతను కోప్పడలేదు.

ఓబయ్యకు ఆ పొద్దుటిపూట అలవాటై పోయింది. గ్లాసు ఎత్తి సూర్యుడికి అడ్డం పెడితే నీళ్ళలో కొండ తలకిందులుగా అగుపించేది. కొండ కింద ఊరు, ఊరి కింద ఆకాశం. అందరి మడుల మీద, అందరి ఇళ్ళ మీద పడిన వానంతా ఆ గ్లాసులో కూర్చుని తనను చూస్తున్నట్టు ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ మాట అని అతనికి తోచలేదు.

బస్సు చిత్తూరు దాటింది. తుంపర అద్దం మీద గీతలు గీస్తోంది. ఓబయ్యకు కునుకు పట్టింది. కునుకులో బస్సు రోడ్డు మీద పోవడం లేదు. చెరువు అడుగున పోతోంది. పైన నీళ్ళు, నీళ్ళ మీద వెలుతురు. చేపలు కిటికీలోకి తొంగిచూసి, ఎవరో తెలిసినవాళ్ళు లాగా తల ఆడించి పోతున్నాయి. చెంగల్రాయుడు గట్టు మీద నిలబడి మూర చాపి కొలుస్తున్నాడు. నీళ్ళకు ఆ మూర అందడం లేదు. కళ్ళు తెరిచేసరికి తిరుమల కొండ ఎదురుగా, నడుముకు మబ్బు చుట్టుకుని, నేలకు తాకకుండా నిలబడి ఉంది.

కాలేజీలో ఆ దినం సారు కడపటి పాఠం. మరునాటితో ఉద్యోగ విరమణ. ఆయనే మనిషిని పంపి ఓబయ్యను పుస్తకాలతో రమ్మన్నాడు.

పెద్ద గది. మెట్లు మెట్లుగా బల్లలు. నూరుమంది దాకా పిల్లకాయలు. ముందు బల్ల మీద ఓబయ్యను కూర్చోబెట్టారు. చెప్పులు బయటే విడిచి వచ్చాడు. కాళ్ళ కింద గచ్చు చెరువు అడుగులాగా చల్లగా ఉంది.

సారు నల్లబల్ల మీద నిలువుగీతలు గీశాడు. ఒకదాని పక్కన ఒకటి, పొట్టివి, పొడుగువి.

"ఇవి బండమీదపల్లె వానలు. పదేళ్ళ లెక్కలో నుంచి ఏరినవి. ఒక్కో గీత ఒక్కో దినం. కొలిచి రాసిన మనిషి ఇదో, ఇక్కడ ఉండాడు" అన్నాడు.

ఓబయ్య బల్ల వైపు చూశాడు. అవి గీతలుగా కనిపించలేదు. తన పొద్దులు కనిపించాయి. అది మునిరత్నమ్మకు జ్వరం వచ్చిన వాన. ఆ పొట్టిది, చెనిక్కాయ మొలకెత్తిన వాన. ఆ పక్కది వడగళ్ళు పడి గరాటు మోగిన వాన. పదేళ్ళు బల్ల మీద వరసగా నిలబడి ఉన్నాయి, తిరునాళ్ళలో తప్పిపోయినవాళ్ళు ఒక్కచోట దొరికినట్టు.

సారు ఎర్రసుద్ద తీసుకుని ఒక గీత గీశాడు. అది మిగతావాటినన్నింటినీ దాటి పైకి పోయింది.

"ఇది నాలుగేళ్ళ కిందటి కార్తీకం. నూట డెబ్బై ఒక్క మిల్లీమీటర్లు. ఆ దినం తాలూకా కచేరి పాత్రలో డెబ్బై ఎనిమిదే వచ్చింది. ఓబయ్యది తప్పని నా తోటివాళ్ళు అన్నారు. నేను కచేరి లెక్కనే కొట్టేసినా. ఎందుకో తెలుసునా? ఈ పుస్తకంలో సున్నలు చూడండి. పేజీలకు పేజీలు సున్నలు. అబద్ధం రాసేవాడు ఇన్ని సున్నలు పెట్టడు."

గదంతా నవ్వింది. మంచి నవ్వు.

"సార్, అయితే ఆ ఊరి మొరవ ఎత్తవచ్చునా?" అని వెనక నుంచి ఒక పిల్లకాయ అడిగాడు.

"మూరెడు కాదు గదా, వేలెడు కూడా ఎత్తకూడదు. ఎత్తినాక ఇంత వాన ఇంకోమాటు వస్తే కట్ట నిలవదు. సర్కారుకు కాగితం రాసి కవరులో పెట్టినా. రేపు పోతుంది. అది నా కడపటి సంతకం."

ఓబయ్య ఎర్రగీత వైపే చూస్తున్నాడు. నాలుగేళ్ళ కిందటి కార్తీకం. ఆ గీత మెల్లగా తడిసింది. బల్ల మీద నుంచి వాన చప్పుడు వినిపించింది.

ఆ పొద్దు చెరువు నిండి మొరవ పారడం మొదలైంది. గండి పడ్డాక మొదటిసారి. ఊరంతా కట్ట మీద ఉంది. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మొరవ పారిందంటే గంగమ్మ పుట్టింటికి వచ్చినట్టు. మొరవ మీద ఆమెకు పసుపు కుంకుమ పెట్టి, పొంగలి పెట్టేదాకా ఊళ్ళో ఎవరూ గుక్కెడు నీళ్ళు కూడా నేల మీద పారబోయరు. గుమ్మం ముందుకు వచ్చిన ఆడబిడ్డను తోసేసినట్టు అవుతుంది. కాళ్ళు కడిగిన నీళ్ళు కూడా తొట్టిలోనే పట్టి పెడతారు. ఆ దినం వాన తెరిపి ఇవ్వక పొయ్యి అంటుకోలేదు. పొంగలి మరుసటి మధ్యాహ్నానికి పడింది.

ఆ మొదటి పొద్దున ఓబయ్య, గ్లాసు నిండినప్పుడల్లా డబ్బాలోకి వంచుతూ, వానబుడ్డి కొలిచాడు. తొంభై ఆరు. రాశాడు. డబ్బాలో నీళ్ళు పారబోయబోయి ఆగాడు. నేల మీద పోయకూడదు. చుట్టూ చూశాడు. బండ మీద ఇంకే పాత్రా లేదు. నీళ్ళను మళ్ళీ సీసాలోనే పోసి, డబ్బాలో పెట్టి, మొరవ దగ్గరికి పరుగెత్తాడు. రాత్రంతా కట్ట మీదే. మరుసటి పొద్దున కళ్ళు మూసుకుపోతుంటే వచ్చి కొలిచాడు. సీసా పొర్లి డబ్బాలోనూ నీళ్ళు ఉన్నాయి. గ్లాసు ఏడుమాట్లు నింపాడు. నూట డెబ్బై ఒకటి. చూసింది రాయమన్నాడు సారు. చూసింది రాశాడు. మధ్యాహ్నం పొంగలి పెట్టాక ఆ నీళ్ళు పారబోశాడు.

నిన్నటి నీళ్ళు అందులోనే ఉన్నాయి. డెబ్బై ఐదు కురిసిన దినానికి నూట డెబ్బై ఒకటి రాశాడు. నాలుగేళ్ళుగా అది తనకు తోచనే లేదు.

ఎవరో శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి.

"రెండు మాటలు చెప్పు ఓబయ్యా" అన్నాడు సారు. మొహం వెలిగిపోతోంది. ముప్పై ఏళ్ళ పాఠాల కడపటి గడియ.

ఓబయ్య లేచి నిలబడ్డాడు. మూర చాపిన చెంగల్రాయుడు ఒకవైపు, ఎర్రసుద్ద పట్టిన సారు ఒకవైపు. నోరు తెరిస్తే ఈ గదిలో, ఇంతమంది ముందర, సారు కొట్టేసిన కచేరి లెక్కే సరైనదవుతుంది. తెరవకపోతే కవరు రేపు పోతుంది.

"సారు సెప్పినారు గదా" అని కూర్చున్నాడు.



సంగటి తిన్నాక సారు అతన్ని వెనకవైపు ఒక పొడుగాటి కొట్టంలోకి తీసుకుపోయాడు. మధ్యలో గాజుగోడల కాలవ ఒకటి, నడుమెత్తున. మోటారు వేయగానే కాలవలో నీళ్ళు వచ్చాయి. కాలవ నడుమ చిన్న సిమెంటు మొరవ. జానెడు కూడా లేదు.

"ఇది మీ మొరవే. కొలతలు తగ్గించి చేసినా. మా పిల్లకాయలు దీని మీదనే నేర్చుకున్నారు" అన్నాడు సారు.

నీళ్ళు పెరిగి పెరిగి, చిన్నమొరవ అంచుకు వచ్చి, ఒక క్షణం నిలిచాయి. తర్వాత సన్నటి పట్టుగుడ్డలాగా అంచు మీద నుంచి జారాయి. చప్పుడు కూడా అదే. కట్ట మీద వినే చప్పుడు, చిన్నదై, నిద్రలో వినిపించినట్టు. ఓబయ్యకు కాళ్ళు కదిలించడానికి భయం వేసింది. గంగమ్మ ఇక్కడికీ వచ్చింది. ఈ గచ్చు మీద గుక్కెడు నీళ్ళు పారబోయకూడదు.

"సారూ, ఆ ఎర్రగీత తప్పు" అన్నాడు.

సారు తల తిప్పాడు.

"ముందుదినం మొరవ పారింది. పొంగలి పెట్టందాకా మేం నీళ్ళు పారబొయ్యం. తొంభై ఆరు మల్లా సీసాలోనే పోసినా. మరుదినం దానితో కలిపి కొలిసినా. కురిసింది డెబ్బై ఐదే."

అంత పొడుగు మాట ఓబయ్య ఎప్పుడూ మాట్లాడలేదు.

సారు మోటారు ఆపలేదు. కాలవ గాజు మీద చెయ్యి ఆనించి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళ వెలుతురు ఆయన కళ్ళద్దాల మీద ఆడుతోంది.

"పొద్దున చెప్పలేదేం?"

"నూరుమంది ఉండారు సారూ."

"నాలుగేళ్ళు ఈ నూట డెబ్బై ఒకటి పాఠం చెప్పినా. అచ్చు కూడా వేయించినా."

ఓబయ్య తల దించాడు. శాలువా తీసి మడతపెట్టి సారు ముందర బల్ల మీద పెట్టాడు.

"అది తీయాకు" అన్నాడు సారు. "నేను చూసింది రాయమన్నా. నువ్వు చూసింది రాసినావు. పాత్ర నాటినా, గ్లాసు ఇచ్చినా, మీ ఊళ్ళో నీళ్ళు ఏ దినం పారబొయ్యరో అడగలేదు. అయ్యవారు నేనా, నువ్వా?"

"మీరే సారూ."

"అయితే తప్పు ఎవరిది?"

సారు మోటారు ఆపాడు. చిన్నమొరవ మీద నీళ్ళు సన్నబడి, చుక్కలై, ఆగిపోయాయి.

సారు పెద్దగదికి తిరిగి నడిచాడు. మెట్ల మీద, వసారాలో పిల్లకాయలు ఇంకా గుంపులుగా ఉన్నారు. "రండప్పా, పాఠం అయిపోలేదు" అన్నాడు. ముప్పై నలభై మంది వచ్చి కూర్చున్నారు. బల్ల మీద గీతలు అలాగే ఉన్నాయి. సారు గుడ్డ తీసుకుని ఎర్రగీతను పైనుంచి కిందికి తుడుస్తూ వచ్చాడు. డెబ్బై ఐదు దగ్గర ఆపాడు. ఎర్రటి పొడి ఆయన చొక్కా మీద రాలింది. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాడు. గంగమ్మను కూడా చెప్పాడు, సీసాను కూడా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కచేరి కొలత రాసినవాడు ఎవరో గానీ, వాడికి నేను దండం పెట్టాల" అన్నాడు. "ఇంక చూడండి. పదేళ్ళలో పెద్దవాన తొంభై ఆరే. అంత వానకు కూడా మొరవ బాగా పారింది, కట్ట కదల్లేదు. మరి గండి ఎందుకు పడింది? ఆ ఏడు మొరవ దోవలో ఏముండేది ఓబయ్యా?"

"కంప. మనిషెత్తు కంప సారూ. నీళ్ళకు దోవ లేదు."

"అదీ." సారు కవరు చించి కాగితం తీశాడు. వెనకవైపు పెన్సిలుతో లెక్క వేశాడు. పిల్లకాయలు చుట్టూ మూగారు. ఒకరు కూడితే ఒకరు సరిచూశారు. గది బయట తుంపర ఆగింది. ఓబయ్యకు ఆ అంకెలు తెలియలేదు గానీ, వాళ్ళ తలలన్నీ ఒక కాగితం మీద వంగి ఉండడం చూస్తే మడి నాటే మనుషులు గుర్తుకు వచ్చారు.

"మూరెడు కుదరదు" అన్నాడు సారు తల ఎత్తి. "ఆ గండినాటి వాన ఎంతో ఎవరికీ తెలియదు, దాన్ని మరవకూడదు. జానెడు ఎత్తవచ్చును. కానీ మొరవను రెండు గజాలు వెడల్పు చెయ్యాల. ఏటా కంప కొట్టాల. కంప ఎవరు కొడతారు?"

"నేనుండా."

కాగితం మళ్ళీ రాసి సంతకం పెట్టాడు. ఓబయ్య పుస్తకాలు తిరిగి ఇస్తూ, "ఆ అంకె చెరపాకు. ఒక గీత గీసి పక్కన నిజం రాయి. నా పుస్తకంలో నేనూ అట్లే రాసుకుంటా" అన్నాడు. బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని, "మీ ఊళ్ళో ఇంకా ఏమేం చెయ్యరో అన్నీ చెప్పాల. ఎండాకాలం వస్తా. ఇంక తీరికే గదా నాకు" అన్నాడు.

పొద్దుగూకేటప్పటికి ఓబయ్య ఊరు చేరాడు. శాలువా చూసి మునిరత్నమ్మ దాన్ని చేత్తో నిమిరింది. "పెండ్లికొడుకువై వచ్చినావే మామా" అంది. అతను శాలువా ఆమె చేతికిచ్చి పడుకున్నాడు. నిద్రలో చిన్నమొరవ మీద నీళ్ళు జారుతూనే ఉన్నాయి.

మరునాడు మలుపులో బస్సు కూత వేసింది. ఓబయ్య బండ ఎక్కాడు. చెంగల్రాయుడు వెనకే వచ్చాడు.

"ఏమప్పా, మూరెడేనా?"

"జానెడు."

"జానెడా! అడగనే లేదా నువ్వు?"

"అడగలేదు. సెప్పినా."

"ఏం సెప్పినావు?"

"కంప కొట్టాల. కొడవలి ఎత్తుకొని మాపటికి మొరవ కాడికి రా. అప్పుడు సెప్తా."

చెంగల్రాయుడు వేళ్ళు చాపి జాన చూసుకుంటూ దిగిపోయాడు.

గరాటులో బంతిపువ్వు ఉంది. తీసి కంప మీద తగిలించాడు. మునిరత్నమ్మ మూత పెట్టిన చెంబు కంప పక్కనే ఉంది. ముందు చెంబు నీళ్ళు గ్లాసులో పోశాడు. నాలుగు గీతలు. నిన్నటి తేదీకి నాలుగు రాసి, ఆ నీళ్ళను చెంబులోనే పోశాడు. సీసా తీశాడు. ఒక గీత. ఇవాళ్టికి ఒకటి రాశాడు. తర్వాత పాత పుస్తకం తెరిచి, నాలుగేళ్ళ కిందటి కార్తీకం వెతికి, నూట డెబ్బై ఒకటి మీద ఒక్క గీత గీశాడు. పక్కన పెన్సిలు నాలుకకు తడిచేసుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు: 75. నిన్నటి నీళ్ళు పారబోయలేదు. మొరవ పారిన దినం.

పుస్తకం మూశాడు. కిందికి చూశాడు. చెరువులో నీళ్ళు తూముకు మోకాలెత్తున ఉన్నాయి. మొరవ ఎండి ఉంది. లేచి, చెంబులో నీళ్ళు ఒకపక్క, గ్లాసులో నీళ్ళు ఇంకోపక్క, వేరువేరుగా, బండ మీద పారబోశాడు.